గోడ మీది ముప్పై ఒకటో సెక్షన్

గోడల మీద అక్షరాలు రాయడం నా వృత్తి. పుట్టినూళ్ళో గ్రామ కమిటీ ఆఫీసు గోడకి భూమి చట్టం ముప్పై ఒకటో సెక్షన్ రాసింది కూడా నేనే. పెళ్ళయిన ఆడదానికి మెట్టినూళ్ళో భూమి దొరక్కపోతే, పుట్టినూళ్ళో ఉన్న భూమిని లాక్కోకూడదు. ఎర్ర రంగుతో, గంపంత అక్షరాల్లో రాశాను. పైఅధికారులొచ్చి దాని ముందు ఫొటోలు దిగి వెళ్ళారు.

మా దేశంలో ఊరి భూమిని ఊరే తలకింతని వాటాలు వేసి ఇస్తుంది. మావారి ఊళ్ళో నాకు సెంటు భూమి కూడా ఇవ్వలేదు. నాకున్నదల్లా పుట్టినూరి గుట్ట మీది నారింజ తోట. పదకొండేళ్ళుగా నేను అంటుకట్టి పెంచుకున్న చెట్లు.

మొన్న ఆ గోడ వెనకే ఊరి మీటింగు. అందరూ పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ కూర్చున్నారు. ఊరి కార్యదర్శి దెగుయ్, మా నాన్నకి పినతండ్రి కొడుకు, లేచి కాగితం చదివాడు.

"పెళ్ళయి వెళ్ళిన ఆడపిల్లల వాటాలు ఇకనించి ఊరివి. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి."

"బాబాయ్, బయట గోడ మీద ఏం రాసుందో చూశావా?" అన్నాను.

"అది దేశం చట్టం. ఇది ఊరి కట్టుబాటు. పెళ్ళయిన కూతురు పారబోసిన నీళ్ళే, చియుఫెన్. మళ్ళీ కుండలోకొస్తాయా?"

గొల్లున నవ్వారు.

"నేను నీళ్ళయితే, నిరుడు నా నారింజలు బుట్టెడు మోసుకుపోయావే, నీ చేతులు తడవలేదా?"

నవ్వు ఆగింది. చేతులు మాత్రం లేచాయి. కంచే చేను మేస్తుంటే ఎవరికి చెప్పుకోను! అందరికన్నా మా వదినని చూస్తే ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ పుట్టినూరివాళ్ళు తన వరిమడిని ఇలాగే లాక్కుంటే నెల్లాళ్ళు ఏడ్చిన మనిషి, గింజలు ఎడంచేతిలోకి మార్చుకుని మరీ కుడిచెయ్యి ఎత్తింది.

మర్నాడు బాబాయ్ మావారికని సిగరెట్ల పెట్టె తెచ్చాడు.

"అమ్మాయీ, ఆ గోడకి సున్నం కొట్టి, కొత్త కట్టుబాట్లు నువ్వే రాయాలి. నీ అక్షరం ముత్యం."

నా మెడకి ఉరితాడు నేనే పేనాలట! ఆ పెట్టె ఆయన చేతిలోనే పెట్టేసి, నిచ్చెన వేసుకుని, సెక్షన్ కింద ఇంకో వరస రాశాను: "దీని ప్రకారం గుట్ట మీది నారింజ తోట లాయ్ చియుఫెన్‌ది. కాదన్నవాళ్ళు కోర్టుకి రండి."

కింద వదిన నిలబడి ఉంది. పెదాలు కదుపుతూ మొదటినించీ చదివింది.

"ఇది మా పుట్టినూరికి కూడానా?"

"దేశమంతటికీ. ఏడాదిగా దీని ముందునుంచే నడుస్తున్నావు, వదినా."

నిన్న ఎత్తిన చెయ్యిని జేబులో దాచుకుంది. నాకు కోపం చల్లారలేదు.

"ఆ చెయ్యి బయటికి తియ్యి. నిచ్చెన పట్టుకో," అన్నాను.