చెల్లెల్ని అడగకూడని మాట

పెళ్ళయిన దగ్గర్నుంచి కలొలైనెకు ప్రతిదీ ముద్దుగానే ఉంది. భర్త ఫెలెతి తడి తువ్వాలు కుర్చీ మీద పడేసినా ముద్దే. వంటగది బల్లకు అవతల నిలబడి మందుల షాపు పాఠం ఒప్పజెబుతుంటే మరీ ముద్దు. ఆమె రోగి వేషం కట్టేది.

"అమ్మా, మీరు గర్భంతో ఉన్నారా?"

"ఆ సంగతి మీకే తెలియాలి నాయనా, మొగుడు మీరే కదా."

"నవ్వించకు కలో. పరీక్షలో ఇలా నవ్వానంటే నా పని అయినట్టే."

ఫార్మసిస్టుల చదువుకూ శిక్షణకూ కొత్త ప్రమాణాలు రాశారు. ఈ ఏడాది అమలుచేసి చూసి, ఆపైన ఖాయం చేస్తారట. ఇకమీదట కాగితం మీద జవాబులు రాసి గట్టెక్కడం కుదరదు. కౌంటర్ దగ్గర నిజం మనుషులతో మాట్లాడాలి, పరీక్షకురాలు పక్కన కూర్చుని చూస్తుంది. కడుపులో బిడ్డకు హాని చేసే మందైతే ఫార్మసిస్టే స్వయంగా అడిగి తెలుసుకోవాలి. తప్పితే ఇంకో ఏడాది శిక్షణ, అదీ రాజధాని నుకుఅలోఫాలో. వాళ్ళుండే వవాఉ దీవి నుంచి అక్కడికి ఓడలో ఒక రాత్రి ప్రయాణమే, కానీ కొత్త పెళ్ళికూతురికి అది చంద్రమండలం.

పరీక్ష రోజు మధ్యాహ్నం, చామాకుల్లో కొబ్బరిపాలతో ఉడికించిన మాంసం పట్టుకుని ఆమె షాపుకు వెళ్ళింది. పరీక్షకురాలు మోఆలా పెద్దరికానికి తగ్గట్టు బట్టల మీద నడుముకు అల్లిక చాప చుట్టుకుని మూల కుర్చీలో కూర్చుని ఉంది. కౌంటర్ ముందు సేలా, ఫెలెతి పెద్దమ్మ కూతురు. మొటిమలకు డాక్టరు రాసిన చీటీ ఇచ్చి తలవంచుకు నిలబడింది. ఫెలెతి చేతిలోని పెట్టెను కలొలైనె గుర్తుపట్టింది. వంటగదిలో వల్లించిన మందే అది, గర్భం సంగతి అడక్కుండా ఇవ్వకూడనిది.

ఈ దీవుల్లో పెద్దమ్మ కూతురంటే సొంత చెల్లెలే. చెల్లెలితో ఒక గదిలో కూర్చుని అన్న సినిమా కూడా చూడడు. ఆమె ముందు ఇంకెవరైనా మోటుమాట అన్నా లేచి వెళ్ళిపోతాడు. అలాంటిది, ఈ ప్రశ్నా? అడిగితే సేలా మళ్ళీ ఈ గడప తొక్కదు. అడగకపోతే నుకుఅలోఫా.

ఫెలెతి పెట్టెను తిరిగి అరలో పెట్టేశాడు.

"సేలా, ఇది ఇప్పుడే ఇవ్వను. కాసేపు కూర్చోమ్మా."

సేలా వెనక వరసలో ఉన్న ముసలాయన గొణిగాడు. "సొంత చెల్లెలికే దిక్కులేదు, మనకేం ఇస్తాడు వీడు."

కలొలైనె పక్కకు వచ్చి గుసగుసగా అంది. "నేను అడగనా?"

"వద్దు. అది ఆమె సొంత విషయం. నీక్కూడా తెలియకూడదు."

ఆమెకు చురుక్కుమంది. అతను మోఆలా వైపు తిరిగాడు. "మేడమ్, మీరేమైనా..."

"నేను ఆట చూడ్డానికి వచ్చాను బాబూ, ఆడ్డానికి కాదు."

ఫెలెతి ఎదురు క్లినిక్‌కు ఫోన్ చేశాడు. మంత్రసాని విక చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏంరా, ఒక ప్రశ్న మోయలేక కూలిమనిషిని పిలిచావా?" అంటూనే సేలాను వెనక గదిలోకి తీసుకెళ్ళింది. కాసేపటికి వచ్చి ఫెలెతి చెవిలో ఏదో చెప్పింది. అతను ఒక మందు తీసి కౌంటర్ మీద పెట్టాడు. ఏ పెట్టె తీశాడో కంటపడకుండా కలొలైనె తనంతట తానే గోడ వైపు తిరిగింది.

సేలా వెళ్ళాక మోఆలా అంది. "నువ్వు స్వయంగా అడగలేదు."

"అడగలేదు మేడమ్. తెలుసుకోకుండా ఇవ్వనూ లేదు. ఈ దీవిలో సగం మంది నాకు చెల్లెళ్ళే. రేపు ఇంకొకతె వచ్చినా ఇదే చేస్తాను."

"ప్రమాణం ప్రకారం తప్పినట్టే."

కలొలైనె చేతిలో మూట నలిగిపోయింది.

"మా అన్నయ్యదీ ఇదే వృత్తి," అంది మోఆలా. "నేను చీటీ పట్టుకుని వెళ్తే వెనక తలుపులోంచి పారిపోయేవాడు. నువ్వు పారిపోలేదు. స్వయంగా అడగాలి, లేదా అడగగలవాళ్ళ చేత అడిగించాలి అని ఆ వాక్యం మార్చమంటాను. ప్రమాణాలు రాసిన కమిటీలో మగవాళ్ళందరికీ చెల్లెళ్ళున్నారు, ఒక్కడూ కాదనడు. పాసయ్యావులే. ముందు ఆ పెద్దాయన సంగతి చూడు, శాపాలు పెడుతున్నాడు."

జనం పలచబడ్డాక ఇద్దరూ షాపు మెట్ల మీద తిండికి కూర్చున్నారు.

"ఇంతకీ సేలాకు ఏమిచ్చావు?" అంది కలొలైనె, ఏమంటాడో చూద్దామని.

"సేలా ఎవరు?" అన్నాడు ఫెలెతి నోటినిండా చామాకు కుక్కుకుని.

వీధిలో చర్చికెళ్ళే ఆడవాళ్ళు పోతున్నా సరే, ఆమె అతని భుజానికి ఆనుకుని కూర్చుంది.