యెలెమ్ వారి కుటుంబం

జెనెబెచ్ రాసిన నియమాలు మొదట్లో రెండే కాగితాలు. అడిస్ అబాబాలో ఒక ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ రోగి వివరాలను ఇంకో ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌కి ఎలా అందించాలో చెప్పే నియమాలవి. పేరు, తండ్రి పేరు, వయసు, పడని మందులు, జరుగుతున్న వైద్యం. అంతే. తర్వాత కమిటీ కూర్చుంది. కూర్చున్న ప్రతివాడూ తన వంతుగా ఓ గడి తగిలించి లేచాడు. ఇప్పుడవి ఇటుకంత మందం. అన్నిటికన్నా పైన తప్పనిసరి గడి: ఇంటిపేరు.

ఈ దేశంలో ఇంటిపేరు ఎవరికుంది కనక! సొంత పేరు, పక్కన తండ్రి పేరు, అంతేగా. పేర్లు ఎక్కించే గుమాస్తాలు మాత్రం ఏం చేస్తారు పాపం, లేదు అనడానికి తమ భాషలో "యెలెమ్" అని కొట్టేశారు. గడి నిండింది, మిషను సంతోషించింది. తండ్రి పేరు ఎక్కడో లోపలి పేజీలో పడి ఉంది, దాని మొహం చూసే దిక్కు లేదు. నెల తిరక్కుండా ఊరంతా యెలెమ్ వారి కుటుంబమైపోయింది.

నిన్న డెస్టా అనే ఆవిడకి పెనిసిలిన్ పడదన్న సంగతి ఇంకో డెస్టా యెలెమ్ ఖాతాలోకి పోయింది. ఈవిడకి అదే సూది వేసేశారు. ఊపిరాడక కొట్టుకుంటున్న మనిషిని నర్సులు చచ్చీచెడీ బతికించారు. అది విన్నప్పటి నుంచి జెనెబెచ్‌కి ఒళ్ళు మండిపోతోంది.

పొద్దున్నే డైరెక్టరు ఆ కాగితాల దిమ్మ తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. ఆయన పేరూ డెస్టానే. ఆడామగా అందరికీ పెట్టే పేరది.

"సంతకం పెట్టమ్మా. ఊళ్ళో పరీక్ష అయింది, వచ్చే వారం నుంచి దేశంలో అన్ని ఆసుపత్రుల్లోనూ ఇదే."

"పెట్టను. మీ ఇంటిపేరేంటి సార్?"

"నాకెక్కడిది? యెలెమ్."

డెస్టా యెలెమ్ అని కొట్టి కంప్యూటర్ తెర ఆయన వైపు తిప్పింది. "శుభాకాంక్షలు సార్! మీకు ఎనిమిదో నెలట. కాఫీ తగ్గించండి."

గది గొల్లుమంది. ఆయన మొహం కందగడ్డయింది.

"వేళాకోళాలా? సంతకం గడి ఖాళీగా ఉంటే కమిటీ ఒప్పుకోదు. పెట్టకపోతే రేపట్నుంచి రావద్దు."

జెనెబెచ్ సొరుగులోంచి తన పాత రెండు కాగితాలూ తీసింది. వాటి మీద తన పేరూ తండ్రి పేరూ నిండుగా సంతకం చేసి ఆయన చేతిలో పెట్టింది. తర్వాత దిమ్మను దగ్గరికి లాక్కుని, ఆఖరి పేజీలో సంతకం గడి నిండా పెద్ద అక్షరాలతో రాసింది.

యెలెమ్.

"గడి నిండిందిగా సార్. పంపించుకోండి."