సగం డెసిబెల్

వినికిడి గదిని ఉదయం తొమ్మిదింటికి తెరిచేవారు. గోడలకు మెత్తలు, బల్ల మీద మూడు యంత్రాలు, ఎదురుగా ఒకే కుర్చీ. ఆ కుర్చీ పాముచెవులుది. ఆఫీసంతా ఆమెను అలాగే పిలిచేది. అసలు పేరు హాజరుపట్టీలో ఉంటే ఉండాలి.

పాత పాటల టేపులన్నిటినీ చిన్న ఫైళ్లుగా కుదించే పని అది. కుదించడమంటే చెవికి పట్టవనుకున్న శబ్దాలను తీసెయ్యడం. పోటీలో మూడు ఎన్‌కోడర్లున్నాయి, అంటే కుదించే యంత్రాలు. ఏది ఏదో చెప్పకుండా అసలు పాటనూ కుదించిన పాటనూ మార్చి మార్చి వినిపిస్తారు. ఆమె కళ్లు మూసుకుని, ఒక్క చప్పట్ల ముక్కనే నలభైసార్లు విని, మార్కులు వేసేది.

తీసేసిన శబ్దాలు యంత్రాల కింద బూడిదరంగు పొడిగా రాలేవి. సాయంత్రం అందరూ పిన్ని అని పిలిచే పనిమనిషి వచ్చి ఊడ్చేది. పొడి మీద కాలు పడితే ఎవరో దగ్గినట్టో, కుర్చీ జరిపినట్టో వినబడేది. తడిగుడ్డ పెడితే ముద్దకడుతోందని పిన్ని సణుక్కునేది. అంతకుమించి దాని గురించి ఎవరూ మాట్లాడుకునేవారు కాదు.

పరీక్షల అధికారి పాముచెవులుకు పెద్దమ్మ కొడుకు. ఉద్యోగం ఇప్పించిందీ, పని నేర్పిందీ అతనే. ఒకప్పుడు ఊరేగింపుల ముందు నడుస్తూ ‘గొంతులేనివాళ్లకు గొంతవుదాం’ అని అరిచినవాడు. ఆమె ఆ అరుపు వెనకాలే నడిచింది. గొంతులేనివాళ్లంటూ ఎవరూ ఉండరనీ, వాళ్ల పక్కన గట్టిగా అరిచేవాళ్లుంటారనీ అప్పటికి ఆమెకు తెలీదు.

టేపుల్లో ఒకటి మిల్లు ఆడవాళ్ల పాట. అందులో వెనక వరసలో, ఆ చివర, పాముచెవులు వాళ్లమ్మ ఉంది. పోయిన మనిషి గొంతు లోకంలో ఇంకెక్కడా లేదు. ఏ ఎన్‌కోడరో తేలాక టేపులన్నీ తుక్కుకే. అందుకే ఆ పాటను పరీక్షలో పెట్టమని అన్నయ్యను బతిమాలుకుంది.

“నీ చెవి ఒప్పుకున్నదే తీసుకుంటాం. మీ అమ్మ గొంతు ఎక్కడికీ పోదు,” అని ఆమె నెత్తిన చెయ్యి వేశాడు అన్నయ్య.

పదకొండు రోజులు వింది. ఒక ఎన్‌కోడర్‌లో పాట కడిగిన గాజులా మెరిసింది. దానికే ఎక్కువ మార్కులు వేసి రిపోర్టు మీద సంతకం పెట్టింది. అది రెండో నంబరని తర్వాత చెప్పారు. ఓడిన రెండింటి ఫైళ్లూ చెరిపేశారు. సోమవారం పొద్దున్న రెండో యంత్రం మిల్లు పాటను మింగింది. మధ్యాహ్నానికి టేపు లారీ ఎక్కింది.

సాయంత్రం ఊడ్చే పిన్ని చేటతో ఆమె దగ్గరికి వచ్చింది. “మిగతా రెండింటి కిందా చిటికెడు రాలేది పిల్లా. దీని కింద చూడు, చేటెడు. ఇదేం తిండే దీనికి.”

ఆమె రవ్వంత పొడి తీసి చెవి దగ్గర పెట్టుకుంది. వెనక వరస మొత్తం అందులోనే ఉంది. చివర్న, నూలుదుమ్ము తిన్న రొమ్ములోంచి, ప్రతి చరణం ముందూ ఈలలా వచ్చే ఊపిరి. అమ్మది.

పొడిని మందుసీసాలో పోసుకుని పరీక్షల చిట్టా తెరిచింది. రెండో నంబరు శబ్దం మిగతావాటికంటే సగం డెసిబెల్ ఎక్కువుంది. రవ్వంత గట్టిగా వినబడేదే చెవికి మంచిదనిపిస్తుంది. అందుకే పరీక్షకు ముందు అన్నిటినీ ఒకే మట్టానికి తేవాలి. మొదటి రోజు అన్నయ్య చెప్పిన పాఠం అది.

అడిగితే అతను కాదనలేదు. రెండో యంత్రాన్ని ముందే కొనేశారట. కమిటీ ఆమె చెవిని తప్ప దేన్నీ నమ్మదట. తనకు పై కుర్చీ ఇస్తామన్నారట.

“సగం డెసిబెలే కదా,” అన్నాడు.

“అంతే అయితే ఎందుకు పెంచావు?”

“వెనక వరసలో ఒకరు తగ్గితే పాట ఆగిపోదు. వినేవాళ్లకి తెలీదు కూడా. నీకే తెలీలేదు.”

ఆమె సీసా మూత తీసి, పొడంతా అతని చొక్కా జేబులో పోసింది. చిన్నప్పుడు గులకరాళ్లు పోసేది. అలాంటిదే అనుకుని ఊరుకున్నాడు.

శుక్రవారం పై కుర్చీ కోసం కమిటీ ముందు అతను లేచి నోరు తెరిచాడు. జేబులోంచి ఆడవాళ్ల పాట లేచింది, అతని గొంతు కంటే సగం డెసిబెల్ ఎక్కువగా. అతను గొంతు పెంచితే పాటా పెరిగింది. అతని మాటలు ఒక్కటీ ఎవరి చెవికీ చేరకుండా బల్ల మీద బూడిదరంగుగా రాలాయి. అధ్యక్షుడు కాగితాల మీద పడ్డ పొడిని ఊదేసుకుని, తర్వాత ఎవరని అడిగాడు. పై కుర్చీ ఆ తర్వాతి మనిషికి వెళ్లింది.

అతను చొక్కాలు మార్చి చూశాడు. పాట వదల్లేదు; నోరు తెరిస్తే చాలు, అమ్మ ఊపిరితో సహా లేచేది. మెల్లమెల్లగా మాటలే మానేశాడు.

ఆమె ఇప్పుడు రోజూ క్యాంటీన్లో అతనికెదురుగా కూర్చుంటుంది. క్షమించి కాదు. అతను తల దించుకుని, మూసిన నోటితో నములుతుంటాడు. ఆమె పళ్లెం పక్కకు జరిపి, అతని వైపు చెవి పెట్టి ముందుకు వంగుతుంది.

“మాట్లాడు అన్నయ్యా,” అంటుంది. “ఏదో ఒకటి. అబద్ధమైనా సరే.”