చప్పుడు లేని లైను

ఆ కంపెనీ పేరు తలుచుకుంటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఇన్నాళ్లూ ఫోన్లో దారులు చూపించుకుంటూ, వీడియోలు ఆడించుకుంటూ బతికినవాళ్లు, ఉన్నట్టుండి ఫోను లైను కూడా మేమే ఇస్తామని బయల్దేరారు. మొదటి మూడు నెలలూ ఉచితం అన్నారు. ఇంకేముంది, ఊరు ఊరంతా ఎగబడింది. మా వీధి చివర మందుల షాపు పక్కన గాజు తలుపుల దుకాణం తెరిస్తే, మొదటిరోజే వరస రోడ్డు మలుపు దాకా సాగింది. ఎదురింటి టీచరు గారు సెలవు పెట్టి మరీ నిలబడ్డారు. కొత్తొక వింత, పాతొక రోత అని పెద్దలు ఊరికే అనలేదు.

మా ఇంట్లోకి ఆ లైను తెచ్చింది మా బామ్మర్ది. ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు వాడి చేతిలో పడాలి కాబట్టి వాడికి ముందడుగు అని నేనే పేరు పెట్టాను. పాత నంబర్లే ఉంటాయి బావా, నువ్వు కుర్చీలోంచి లేవక్కర్లేదు అంటూ నా ఫోనూ, మా ఆవిడ ఫోనూ, అమ్మాయి ఫోనూ మూడూ పట్టుకెళ్లి ఆదివారం సాయంత్రానికల్లా లైను మార్పించి తెచ్చాడు. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. దొరికి ఉంటే బాగుండేది.

నేను మెకానిక్‌ని. లాండ్రీల్లో, హోటళ్లలో బట్టలుతికే పెద్ద మిషన్లు బాగుచెయ్యడం నా వృత్తి. నాలుగేళ్ల కిందట నిచ్చెన మీంచి పడితే తుంటి విరిగింది. స్టీలు ముక్కలు వేసి అతికారు గానీ పావుగంట మించి నిలబడలేను. చెవులకు మాత్రం ఏమీ కాలేదు. అప్పట్నుంచీ పనిముట్ల సంచీ తగిలించుకుని మా అమ్మాయి వెళ్తుంది. నడుస్తున్న మిషన్ పక్కన ఫోను పెడుతుంది. నేను ఇంట్లో కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని వింటాను. బెల్టు జారితే ఒక చప్పుడు, బేరింగులో గ్రీజు ఎండితే ఇంకొకటి, డ్రమ్ము సందులో ఎవరి చొక్కా గుండీయో ఇరుక్కుంటే మరొకటి. విని, ఏ బోల్టు విప్పాలో చెబుతాను. జనం నన్ను ఫోను డాక్టరంటారు. మా అమ్మాయిని ఫోను పట్టుకునే అమ్మాయి అంటారు.

ఆ మాట దానికి గుచ్చుకుంటుందని నాకు తెలుసు. ఇరవయ్యారేళ్లది. పదిహేనో ఏట నుంచి నాకు స్పానర్లు అందించింది, నాలుగేళ్లుగా ఒక్కతే విప్పుతోంది, ఒక్కతే బిగిస్తోంది. ఎవరైనా ఒక్కరు తనను మెకానిక్ అని పిలవాలని దాని కోరిక. ఊళ్లో పెద్ద లాండ్రీ ఒకటుంది, ఆస్పత్రి దుప్పట్లన్నీ అక్కడికే వస్తాయి. దాని యజమానురాలు కొత్తగా నాలుగు మిషన్లు తెప్పిస్తోంది. వాటి పని మా అమ్మాయి పేరు మీద ఇవ్వడానికి ఆవిడ సగం ఒప్పుకుంది. మిగతా సగం పనితనం చూశాక చెబుతానంది. అందుకే మంగళవారం పొద్దున్న అక్కడి పాత మిషన్లలో ఒకదానికి బెల్టు మార్చడానికి పిలిస్తే, అమ్మాయి కాఫీ కూడా తాగకుండా వెళ్లింది.

తొమ్మిదింటికి ఫోను చేసింది. బెల్టు వేసేశాననీ, డ్రమ్ము వేగం అందుకోగానే వెనక బేరింగు టకటక కొట్టుకుంటోందనీ చెప్పింది. ఫోను వెనక్కి పెట్టమన్నాను. కళ్లు మూసుకున్నాను. ఏమీ లేదు. నిజానికి ఏమీ లేకపోవడమే నాకు అనుమానం రావాల్సిన సంగతి. ఆ గదిలో నాలుగు మిషన్లు ఒకేసారి తిరుగుతుంటే పక్కనున్న మనిషి మాట పక్కనున్న మనిషికి వినపడదు. అలాంటి హోరు ఒక్క ముక్క కూడా నా చెవిన పడకపోతే, లైను ఎంత శుభ్రంగా ఉందో అని మురిసిపోయాను. మా ముందడుగుగాణ్ణి మనసులో మెచ్చుకున్నాను కూడా.

అంతా వెన్నలా తిరుగుతోంది, సర్దుకుని వచ్చెయ్ అన్నాను. లేదు నాన్నా, కొట్టుకుంటోంది, చెయ్యి ఆనిస్తే తెలుస్తోంది అంది. ఫోను కాస్త కిందికి పెట్టమన్నాను, ఎడమకి జరపమన్నాను. పెట్టింది, జరిపింది. ఏమీ వినపడలేదు.

"నాన్నా, మిషన్ ఆపేద్దాం. వెనక మూత విప్పి చూస్తాను. పూట పడుతుంది, అంతే" అంది.

నాకు ఒళ్లు మండింది. నలభై ఏళ్ల చెవులివి. నిన్నగాక మొన్న స్పానరు పట్టిన పిల్ల నాకు బేరింగు గురించి చెప్పడమా?

"నీ చెవుల్లోనే మోగుతోందేమో. ఇక నోరు మూసుకుని ఫోను ఆవిడకివ్వు" అన్నాను.

ఫోను ముందుగదిలో ఉన్న యజమానురాలి చేతికి వెళ్లింది. బయట ఆస్పత్రి వ్యాను వచ్చి ఆగిందట, ఆవిడ తొందరలో ఉంది. అంతా సవ్యంగా ఉంది, ధైర్యంగా నడుపుకోండి అని నేనే చెప్పాను.

మధ్యాహ్నం మూడింటికి ఆ బేరింగు పగిలింది. నిండా తడి దుప్పట్లున్న డ్రమ్ము ఒక పక్కకి ఒరిగి, ముందు తలుపు అద్దాన్ని బద్దలు కొట్టింది. పక్కనే దుప్పట్లు మడతపెడుతున్న మనిషికి మోచెయ్యి కోసుకుపోయి ఏడు కుట్లు పడ్డాయి. యజమానురాలు ఫోన్లో నిప్పులు చెరిగింది. బాగుందన్నారుగా అని నిలదీసింది. అప్పుడు నేనన్న మాట ఇది: అమ్మాయి ఫోను సరిగ్గా పెట్టి ఉండదండీ. ఎవరో నా నోట్లో కుక్కిన మాట కాదు, నా అంతట నేనే అన్నాను. అయితే ఆ పిల్లని ఇక నా గడప తొక్కనివ్వకండి అని ఆవిడ ఫోను పెట్టేసింది. సాయంత్రానికి రెండు హోటళ్లవాళ్లు కూడా ఫోను చేసి ఈ వారం ఎవరినీ పంపొద్దన్నారు.

అమ్మాయి ఇంటికొచ్చి సంచీ బల్ల కిందికి తోసింది. చేతుల గ్రీజు చాలాసేపు కడుక్కుంది. తిన్నదో లేదో తెలీదు, నాతో మాత్రం మాట్లాడలేదు. రెండు రోజులు అంతే. చేసిన నిర్వాకం చాలక పైగా అలకొకటా అని నేను మా ఆవిడ దగ్గర విసుక్కున్నాను కూడా.

మూడో రోజు అసలు సంగతి బయటపడింది. లేవడం కష్టం కాబట్టి, వంటింట్లో ఉన్న మా ఆవిడకి ఫోను చేసి మంచినీళ్లు అడగడం నాకు అలవాటు. ఆ పూట ఆవిడ మిక్సీ తిప్పుతోంది. ఒక చెవికి గోడ అవతల నుంచి మిక్సీ గోల బ్రహ్మాండంగా వినపడుతోంది. ఫోను పెట్టుకున్న చెవిలో మాత్రం ఆవిడ గొంతు ఒక్కటే.

"నీళ్లేనా, మహారాజుగారికి ఇంకేమైనా కావాలా?"

నీళ్ల సంగతి మర్చిపోయాను. ఫోను మిక్సీకి ఆనించి పెట్టమన్నాను. మతి పోయిందా అంటూనే పెట్టింది. ఇంటి గోడలు అదురుతున్నాయి, ఫోన్లో చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు.

అప్పటికప్పుడు ముందడుగుగాణ్ణి పిలిపించి, వాడి స్కూటరెక్కి గాజు తలుపుల దుకాణానికి వెళ్లాను. లోపల చల్లగా ఉంది, తెల్లటి బల్లలు, నవ్వు ముఖాలు. నాకంటే ముందు ఒక పెద్దావిడ నిలబడి తగువు పెట్టుకుంటోంది. ఆవిడ మనవరాలికి ఇంకా మాటలు రాలేదట. రోజూ ఫోన్లో దాని ఊ ఊ వింటేగానీ ఆవిడకి ముద్ద దిగదట. కొత్త లైనులో ఆ పిల్ల గొంతే రావడం లేదు. మాటలు వచ్చాక వినపడుతుందమ్మా అని కౌంటరు అబ్బాయి ఆవిడకి సర్దిచెబుతున్నాడు. వాడి చెంప వాయించాలనిపించింది నాకు.

నా వంతు వచ్చాక జరిగిందంతా చెప్పాను. అతను నవ్వు చెదరకుండా విన్నాడు.

"అది లోపం కాదు సార్, మా ప్రత్యేకత. మనిషి మాట తప్ప మిగతా చప్పుడంతా మా సిస్టమే తీసేస్తుంది" అన్నాడు.

తీసెయ్యమని నిన్నెవడడిగాడు అన్నాను. అందరికీ నచ్చింది సార్ అన్నాడు. ఆపమన్నాను. అది ఫోన్లో జరిగేది కాదట, వాళ్ల లైనులోనే జరుగుతుందట, ఎవరో ఒక్కరి కోసం ఆపడం కుదరదట. పాత లైనుకి పోతానన్నాను. నెల దాటాకే పోవాలట. నా చెవులు కోసి డబ్బాలో పెట్టుకుని, నెల తర్వాత వచ్చి తీసుకెళ్లమంటున్నాడు! చేతికర్రతో ఆ తెల్లబల్ల మీద కొట్టాను. దుకాణమంతా ఇటు తిరిగింది. మా ముందడుగు మెల్లిగా రెండడుగులు వెనక్కి వేసి, నేనెవరో తెలియనట్టు గోడ మీది బొమ్మలు చూడటం మొదలుపెట్టాడు. చివరికి వాళ్ల పెద్ద ఉద్యోగి వచ్చి, ఈ ప్రత్యేకత గురించి వివరంగా ఉన్న కాగితం ఒకటి అచ్చు తీసి, ముద్ర వేసి ఇచ్చాడు. నాకు కావలసింది అదే.

అట్నుంచి అటే లాండ్రీకి పోనిమ్మన్నాను. మిషన్ల గదిలో మూడు తిరుగుతున్నాయి, నాలుగోది అద్దం లేని నోరు తెరుచుకుని పడి ఉంది. చేతికి కట్టుతో ఆ పనిమనిషి ఒంటిచేత్తోనే దిండు గలీబులు మడతపెడుతోంది. నాకు అటు చూడబుద్ధి కాలేదు. యజమానురాలు కాగితం ఆసాంతం చదివి తిరిగి నా చేతిలో పెట్టింది.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వ్యవహారం. సరే, మీకు ఫోన్లో వినపడలేదు. పక్కనే నిలబడ్డ ఆ పిల్లకీ వినపడలేదా?"

చెప్పడానికి నోరు తెరిచాను. ఆ హోరులో అమ్మాయి ఆ రోజు ఏమందో ఆవిడకి తెలీదు, పక్కనున్న మనిషికీ తెలీదు. తెలిసింది నాకొక్కడికే. చెబితే నలభై ఏళ్ల పేరు ఆ గదిలోనే రాలిపోతుంది.

"చిన్నపిల్ల కదండీ, పోల్చుకోలేకపోయి ఉంటుంది" అన్నాను.

అందుకేగా వద్దంటున్నది అని ఆవిడ తన పనిలో పడిపోయింది. దారి పొడుగునా స్కూటరు మీద కంపెనీవాళ్లని వాళ్ల ఏడు తరాలూ ఎత్తి తిట్టాను. బావా కాస్త మెల్లిగా, జనం చూస్తున్నారు అన్నాడు వాడు. వాణ్ణి కూడా కలిపి తిట్టాను.

ఇంటికి రాగానే కాగితం అమ్మాయి ముందు పెట్టాను. చూశావా, వాళ్లే రాసిచ్చారు, తప్పు నీదీ కాదు నాదీ కాదు, ఆ దొంగవెధవలది అన్నాను. అమ్మాయి కాగితం తీసుకుని నిలబడే చదివింది. రెండోసారి కూడా చదివింది. మడతపెట్టి నా కుర్చీ చేతి మీద పెట్టింది.

"మిషన్ చప్పుడు నీకు రాలేదు. ఒప్పుకుంటాను. నా మాట వచ్చింది కదా నాన్నా? కొట్టుకుంటోందని చెప్పాను, చెయ్యి ఆనిస్తే తెలుస్తోందన్నాను, ఆపేద్దామన్నాను. ఆ రోజు ఆ లైనులో నీకు వినపడిందల్లా నా మాటొక్కటే."

కంపెనీని తిడదామని నోరు తెరిచాను. ఒక్క తిట్టూ రాలేదు. వంటింటి గుమ్మంలో మా ఆవిడ నిలబడి అంతా వింటోంది. నా మీద నాకు పుట్టిన కోపం ఆ కంపెనీ మీద కోపం కంటే వెయ్యి రెట్లుంది. దాన్ని కర్ర పెట్టి బాదడానికి ఏ బల్లా లేదు.

ఫోను తీసి లాండ్రీకి చేశాను. అమ్మాయి ఎదురుగానే ఉంది.

"ఆపమని మా అమ్మాయి చెప్పిందండీ. బేరింగు కొట్టుకుంటోందని ఒకటికి రెండుసార్లు చెప్పింది. నేనే నోరు మూసుకోమన్నాను. ఇందాక మీ దగ్గర చెప్పింది కూడా అబద్ధం" అన్నాను.

ఆవిడ వెనక మూడు మిషన్లు తిరుగుతూ ఉండి ఉంటాయి, నాకేమీ వినపడలేదు. ఆ పనిమనిషికి కూడా నేను ఫోను చేసి కాదు, ఎదురుగా వచ్చి చెప్పుకోవాలంది. వస్తానన్నాను. ఇక మీతో నాకు పని లేదు, ఫోను ఆ అమ్మాయికివ్వండి అంది.

ఇచ్చాను. అమ్మాయి కిటికీ వైపు తిరిగి మాట్లాడింది. రేపు పొద్దున్నే వస్తాను, డ్రమ్ము తిప్పే షాఫ్టు కూడా తీసి చూడాలి, రెండు రోజులు పడుతుంది, ఈలోపు మిగతా మూడింటినీ వేగం తగ్గించి నడపండి అని చెప్పింది. నన్ను ఒక్క మాట అడగలేదు. తర్వాత బల్ల కింద నుంచి సంచీ లాగి, స్పానర్లు ఒక్కొక్కటే తుడిచి లోపల సర్దుకోవడం మొదలుపెట్టింది.

రేపు పొద్దున్న ఎనిమిదింటికల్లా పాత లైనున్న ఫోను ఎవరిదైనా అడిగి తెప్పించుకుని కూర్చుంటానన్నాను.

"అక్కర్లేదు నాన్నా" అంది.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి.