అబ్బయ్య చదువుకుంటా ఉండాడు

తడలో కంపెనీ వాళ్లిచ్చిన గదిలో తలుపులు బిగువుగా పడతాయి, బయటి చప్పుడు లోపలికి రాదు. తోటివాళ్లు అదృష్టమంటారు. నాకు మాత్రం ఆదివారం వస్తే చాలు, పులికాట్ ఒడ్డున మా వాళ్ల గోల వినాలని ప్రాణం కొట్టుకుంటుంది.

మెల్లగా మాట్లాడటం మా వీధిలో ఎవరికీ చేతకాదు. పడవల మీద గాలికి ఎదురు అరిచి అరిచి గొంతులు అలా తయారయ్యాయి. మధ్యాహ్నం పూట వలల చిరుగులు కుట్టుకోవడానికి అందరూ చేరేది మా వసారాలోనే. కూర బాగుందని మెచ్చుకున్నా కొత్తవాళ్లకు కొట్లాటలా వినిపిస్తుంది. ఇంటర్ చదివేటప్పుడు చెవుల్లో దూది పెట్టుకుని వాళ్లను తిట్టుకునేవాణ్ణి.

కరోనా వచ్చినప్పుడు నేను నెల్లూరులో ఇంజనీరింగ్ రెండో ఏడు. హాస్టల్ మూసేస్తే సంచీ సర్దుకుని ఇంటికొచ్చాను. వెనక గదిలో కూర్చుని ఫోన్లో క్లాసులు. మొదటి వారం బాగానే గడిచింది. తర్వాత పాఠం తలకెక్కడం మానేసింది. తెరమీద నలభై పేర్లు కనిపించేవి, ఒక్క ముఖమూ కనిపించేది కాదు. నిద్ర పోయింది, ఆకలి పోయింది. అన్నిటికన్నా నన్ను తినేసింది ఇంట్లో నిశ్శబ్దం. వసారాలోకి ఒక్కరూ రారు. అమ్మ తమ్ముడు చిన్నపోలయ్య మామ కిటికీ ముందు నుంచి పోతూ తల తిప్పుకునేవాడు. అమ్మ అన్నం పళ్లెం గుమ్మం దగ్గర పెట్టి, పలకరించకుండానే వెళ్లిపోయేది. పట్నం నుంచి జబ్బు మోసుకొచ్చానని నన్ను వెలేశారనుకున్నాను. నేను లేకపోతే వీళ్లందరికీ పీడ విరగడవుతుందనిపించేది. జూలై వచ్చేసరికి రోజూ అదే ఆలోచన.

ఒక మధ్యాహ్నం గదిలో ఊపిరాడక, చెప్పులు కూడా వేసుకోకుండా బయటపడ్డాను. వీధిలో మనిషి లేడు. ఒడ్డుకు పోతే అందరూ అక్కడున్నారు. మండే ఎండలో, ఇసుకలో, తలలకు తువ్వాళ్లు చుట్టుకుని, వలలు ఒళ్లో వేసుకుని గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. మా వాళ్లు గుసగుసలాడటం నేను పుట్టాక అదే చూడటం.

గంగాభవాని పిన్నమ్మ తన కూతురి నోరు మూస్తోంది. "గమ్మునుండు మే. అబ్బయ్య చదువుకుంటా ఉండాడు."

నన్ను చూసి అందరూ బిత్తరపోయారు. మామ వల పక్కనపెట్టి లేచాడు.

"ఏం అబ్బయ్యా, మా సద్దు ఇంటిదాకా వినపడిందా?" అన్నాడు, తప్పు చేసినవాడిలా.

"ఎన్నాళ్ల నుంచి ఈడ కూర్చుంటా ఉండారు?"

"నువ్వొచ్చిన కాడ్నించి. మన వీధిలో ఇంజనీరు చదివేది నువ్వొక్కడివే గదా. సద్దు చెయ్యొద్దని మీ అమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది."

ఇసుకలో కూలబడి ఏడ్చాను.

"నేను చదవలేదు మామా. నాలుగు నెల్ల నుంచి ఒక్క ముక్క చదవలేదు. మీరంతా నన్ను వెలేసినారనుకున్నా. చచ్చిపోదామనుకుంటా ఉండా."

వాళ్ల మధ్యనే కూర్చున్న అమ్మ తన ఒళ్లోని వల విసిరేసి వచ్చి నన్ను వాటేసుకుంది. "నా బిడ్డని నేనే ఒంటరోణ్ణి చేస్తినే" అని ఒడ్డంతా వినబడేలా ఏడ్చింది.

ఆ వారంలోనే మామ నన్ను బండెక్కించుకుని గూడూరులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆరు నెలలు మందులు వాడాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. కానీ మందుల కన్నా ముందు నన్ను బతికించింది ఒడ్డున ఏడ్చిన మర్నాటి క్లాసు.

వసారా నిండా జనం. పీతల పులుసులో చింతపండు ఎక్కువైందా తక్కువైందా అని మామకూ పిన్నమ్మకూ ఇల్లెగిరిపోయే వాదన. ఫోన్లో సారు విసుక్కున్నారు.

"ఎవరిదా గోల? మైకు ఆపేయండి."

నాలుగు నెలల్లో మొదటిసారి క్లాసులో నోరు తెరిచాను.

"మా వాళ్లు సార్. కాసేపు ఉండనీండి."