ఎనిమిదో ప్రోగ్రామ్

నేను ఒక ల్యాబ్ రికార్డుని. గట్టి అట్ట, అట్ట మీద బ్రౌన్ పేపరు, లోపల కుడివైపు గీతల పేజీ, ఎడమవైపు తెల్ల పేజీ. కుడివైపు పెన్నుతో ప్రోగ్రామ్ రాయాలి, ఎడమవైపు పెన్సిలుతో దాని ఫలితం రాయాలి. కంప్యూటర్ చదువులో కంప్యూటర్ కంటే నాకే మర్యాద ఎక్కువ. కంప్యూటర్ చెడిపోయినా పరీక్ష జరిగిపోతుంది. నేను లేకపోతే మాత్రం విద్యార్థిని గుమ్మం దాటనివ్వరు.

మా కాలేజీ విజయనగరం దాటాక హైవే పక్కన, జీడితోటల మధ్య ఉంటుంది. నన్ను కొన్నవాడు సింహాద్రి, బీటెక్ రెండో సంవత్సరం. వాడి దస్తూరి ముత్యాల కోవ. ఆ ముత్యాలు తప్ప వాడి దగ్గర వేరే సరుకు లేదని తర్వాత తెలిసింది. బోర్డు మీద ఉన్న ఎనిమిదో ప్రోగ్రామ్ ఎక్కించుకుంటుండగా పక్కవాడు క్రికెట్ స్కోరు చెప్పాడు. వీడు తల తిప్పాడు. ఆ తల మళ్ళీ బోర్డు వైపు వచ్చేసరికి ఒక వాక్యం దాటిపోయింది.

ఆ ప్రోగ్రామ్ ఒక వరస గురించి. సినిమా టికెట్ల వరసలాంటిదే, వెనక చేరాలి, ముందు నుంచి పోవాలి. ఆఖరి మనిషి కూడా వెళ్ళిపోయాక వరస ఖాళీ అయిందని గుర్తు పెట్టే వాక్యాన్నే సింహాద్రి వదిలేశాడు. అది లేకపోతే ఎవరూ లేని వరసలోంచి కూడా ప్రోగ్రామ్ మనుషుల్ని పిలుస్తూనే ఉంటుంది. నడిపి చూస్తే తెలిసేది. నడపలేదు. రావలసిన ఫలితమేదో ఊహించుకుని, ఎడమ పేజీలో 'వరస ఖాళీ' అని పెన్సిలుతో రాసేశాడు. ఆనాటి సారు అక్షరం చదవకుండా ఎర్ర సిరాతో సంతకం గిలికాడు.

ఎర్ర సిరా పడ్డాక తప్పుకి తప్పనే పేరు పోతుంది. దస్తూరి బాగుందని నన్ను 'మోడల్ రికార్డు' చేసి బీరువాలో పెట్టారు. తొమ్మిది బ్యాచ్‌ల పిల్లలు నన్ను చూసి రాసుకున్నారు. కామాలు కూడా దించారు. కంప్యూటర్ ఇంజినీర్లయి వెళ్ళారు. సింహాద్రికి పట్టా వచ్చింది గానీ ఉద్యోగం రాలేదు. అమీర్‌పేటలో రెండేళ్ళు కోర్సు మీద కోర్సు చేసి, తిరిగొచ్చి ఆ ల్యాబ్‌కే సారయ్యాడు. బీరువా తెరిచి నన్ను చూసి మురిసిపోయాడు. ముందున్నవాడు చదవకుండా సంతకం పెట్టినట్టే తనూ పెట్టడం మొదలుపెట్టాడు.

పదో బ్యాచ్‌లో యశోద వచ్చింది. ఇక్కడికి వచ్చాకే మొదటిసారి కంప్యూటర్ ముట్టుకున్న పిల్ల. అందుకే కాబోలు, రాసినదాన్ని నడిపి చూడాలనే వెర్రి ఆలోచన ఆమెకి కలిగింది.

"అప్పలకొండ బాబాయ్, ఈ సిస్టం పాడైందేటి? ఎనిమిదోది ఆగట్నేదు" అని ల్యాబ్ అటెండర్ని అడిగింది.

అప్పలకొండ ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషి. "సిస్టం సుబ్బరంగా ఉందమ్మా. నేనొచ్చిన కాడ్నించీ ఆ పోగ్రాం ఎవులూ ఆడించి సూడనేదు. నువ్వే మొదులు" అన్నాడు.

మూడు రోజులు కూర్చుంది. మూడో రోజు చప్పట్లు కొట్టుకుని, దొరికిన వాక్యాన్ని నా పేజీ అంచున పెన్సిలుతో గట్టిగా నొక్కి రాసింది. తన రికార్డులో సరిచేసి రాసుకుని, సంతకం కోసం సింహాద్రి ముందు పెట్టింది.

"ఇదేంటమ్మా? మోడల్లో లేని లైను?"

"మోడల్లోది రన్ చేస్తే ఆగదండి సార్. ఒక్కసారి చూడండి..."

"ఎల్లుండి పరీక్ష. బయట్నుంచి వచ్చినాయన అరవై రికార్డులు ముందేసుకుంటాడు. యాభై తొమ్మిది ఒకలా ఉండి నీదొకటి వేరేగా ఉంటే తప్పెవరిదంటాడు? ఇంతమందికి కనబడని తప్పు నీకొక్కదానికే కనబడిందా? మళ్ళీ రాసుకురా. లేకపోతే సంతకం లేదు."

సంతకం లేకపోతే పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే వచ్చే ఏడు జూనియర్ల పక్కన కూర్చోవాలి. యశోద రికార్డు తీసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం అందరూ పోయాక సింహాద్రి నన్ను తెరిచాడు. ఎనిమిదోదాన్ని అక్షరం అక్షరం కొట్టి నడిపాడు. తెర మీద అది, లేని మనుషుల్ని పిలుస్తూనే పోయింది. అప్పుడు అంచున ఉన్న వాక్యం చేర్చాడు. నడిపాడు. 'వరస ఖాళీ' అని వచ్చి నిలబడింది.

తను రాసిన నన్ను ఇన్నేళ్ళకి మొదటిసారి చదివాడు కదా, పెన్ను తీస్తాడనుకున్నాను. రబ్బరు తీశాడు. అంచున ఉన్న వాక్యాన్ని శుభ్రంగా చెరిపి, పొట్టు ఊదేశాడు.

తాళాలతో గుమ్మంలో నిలబడ్డ అప్పలకొండ అడిగాడు. "ఆడిందా బాబూ?"

"ఏదీ? లేదు. తలుపులెయ్యి."

మనుషుల్లో తప్పు తెలియనివాడి మీద నాకు జాలే. తెలిసి చెరిపినవాడి చేతిలో ఇన్నేళ్ళు బతికినందుకే నా మీద నాకు రోత.

యశోద కొత్త రికార్డు కొని, పన్నెండు ప్రోగ్రాములూ మొదటి నుంచి రాసి తెచ్చింది. ఎనిమిదోది నాలో ఉన్నట్టే రాసింది. సంతకం పడింది. పరీక్ష గట్టెక్కింది. నా కుట్లు ఊడిపోవడంతో, చూడముచ్చటగా ఉన్న ఆమె రికార్డునే సింహాద్రి కొత్త మోడల్ చేశాడు. తప్పుకి ఇంకో పదేళ్ళ ఆయుష్షు, మరింత అందమైన దస్తూరిలో.

ఇప్పుడు నేను ల్యాబ్ వెనక వరండాలో, పగిలిన మానిటర్ల మధ్య పడి ఉన్నాను. పాతసామాన్ల బండి ఎప్పుడొస్తే అప్పుడే. పెన్సిలు గీత పోయింది గానీ, ఆమె నొక్కిన గాడి నా అంచున అలాగే ఉంది. వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే ఆ వాక్యం మొత్తం చదవొచ్చు.

నిన్న కిటికీ అవతల ఒక రెండో సంవత్సరం పిల్ల గొంతు వినిపించింది. "యశోదక్కా, నీ రికార్డులో ఎనిమిదోది కొట్టాను. ఆగట్నేదక్కా."

నేను ఊపిరి బిగబట్టాను. కాగితానికి ఊపిరేమిటంటారా? ఆ క్షణం ఉంది.

"దాన్ని రన్ చెయ్యమని నీకెవులు సెప్పారే?" అంది యశోద. "సూసి ఎక్కించీ."