పులికి నల్ల అంగీ

"ఎనిమిదేళ్లు న్యాయంగా గెలిచినవాడివి, ఇవాళ నీ జోడీనే వెనక నుంచి కుర్చీతో కొడతావా? ఎవడు రాశాడ్రా ఈ కథ?" దర్జీ అక్క కత్తెర బల్ల మీద విసిరింది.

రెజ్లింగ్ కంపెనీకి బట్టలు కుట్టేది ఆమే. పసుపు అంగీతో రింగులోకి దిగే మల్లుడు 'పులి'కి మొదటి అభిమానీ ఆమే. నల్ల అంగీ ఆర్డరు రాగానే అతన్ని విలన్ని చేస్తున్నారని ఆమెకు అర్థమైంది.

"ఏం చెయ్యనక్కా? కాదంటే మూట సర్దుకోమన్నారు," అన్నాడు కొలతలకు నిలబడ్డ పులి.

"ఆ కొత్త గొరిల్లాని గెలిపించడానికా? పడ్డప్పుడల్లా జుట్టు సవరించుకుంటాడు, వాడూ ఒక మల్లుడే! కదలకు, సూది గుచ్చుకుంటుంది."

ఆ సాయంత్రం రింగులో, గొరిల్లాతో తలపడుతున్న తన జోడీ వెనక పులి కుర్చీ ఎత్తాడు. అంతే, నల్ల అంగీ వీపున నిలువునా విడిపోయింది. లోపల పసుపు గుడ్డ మెరిసింది. "పులీ! పులీ!" అంటూ హాలు హోరెత్తింది. పులి ఒక్క క్షణం ఆగి, కుర్చీతో గొరిల్లానే బాదాడు.

కథ రాసినవాడు మొదటి వరుసలో కూర్చున్న అక్క దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "ఏం కుట్టావమ్మా అది?"

"కచ్చా కుట్టు," అక్క పళ్లు నూరింది. "నీ కథ లాంటిదే. గట్టిగా కదిలితే ఊడిపోతుంది."